ముప్పై ఏడు పాయింట్ ఆరు

కొత్తొక వింత, పాతొక రోత అన్న సామెత పుట్టించినవాడెవడో గాని, వాడు తప్పకుండా మా వృత్తివాడే అయి ఉంటాడు. నేను వెబ్‌సైట్లు తయారుచేస్తాను. పదహారేళ్ళయింది. ఈ పదహారేళ్ళలో ఒళ్ళు వంచి నేర్చుకున్నవాటిలో సగానికి పైగా "అబ్బే, ఇది ఇప్పుడెవరూ వాడటం లేదండీ" అనిపించుకుని అటకెక్కాయి. వంటవాడికి గరిటె ఏడాదికోసారి మారదు. మంగలికి కత్తెర పట్టే తీరు మారదు. మాకు మాత్రం సోమవారం నేర్చుకున్నది గురువారానికి పాచిపోతుంది. పైగా మార్పు వచ్చిన ప్రతిసారీ ఒక ప్రకటన, ఒక సంబరం, "ఇక మీ పని ఎంత సులువో చూడండి" అంటూ ఒక నవ్వుమొహం. నా బొంద సులువు!

ఇంత కోపం ఎందుకో తెలియాలంటే ముందు ఒక పాత ఫ్రిజ్ గురించి చెప్పాలి.

మేముండేది గుండ్లపోచంపల్లిలో, హైవే దిగి లోపలికి వస్తే కొత్తగా లేచిన కాలనీల్లో ఒకదానిలో. నా పేరు ఫణిభూషణ్. మాది తెనాలి పక్క పల్లె. నేను ఇంటి నుంచే పని చేస్తాను, మా ఆవిడ సుప్రజ బ్యాంకుకు వెళ్తుంది. ప్రతి ఆదివారం పొద్దున్నే బాలేష్ నాటుకోడి గుడ్లు తెచ్చి మా కాలనీలో అమ్ముతాడు. ముప్పై దాటిన మనిషి. మిగతా రోజుల్లో మా రోడ్డు చివరి గోదాములో పని. ఊరు షామీర్‌పేట చెరువు దాటాక, లోపలికి. కోళ్ళను పెంచేది వాళ్ళమ్మ వజ్రమ్మ.

రెండేళ్ళ కిందట ఒక ఆదివారం గుమ్మంలో నిలబడి, "సారూ, పాత ఫ్రిజ్ ఉంటే ఇస్తరా? ఖరాబైనా సరే," అన్నాడు.

"ఖరాబైన ఫ్రిజ్ ఏం చేసుకుంటావయ్యా?"

"గుడ్లు పొదిగిస్త సారూ."

వేళాకోళం ఆడుతున్నాడనుకున్నాను. కాదు. చల్లదనాన్ని బయటికి పోనివ్వని గోడలు వేడిని మాత్రం ఎందుకు పోనిస్తాయి? మా పాత ఫ్రిజ్‌లో ఒక హీటర్ కాయిల్, చిన్న ఫ్యాన్, వేడి తగ్గించి పెంచే మర, గిన్నెలో నీళ్ళు పెట్టి, నెల తిరక్కుండా పిల్లల్ని చేయించాడు. చూసి నోరెళ్ళబెట్టాను. బాధల్లా ఒకటే, తను డ్యూటీలో ఉన్నప్పుడు లోపల వేడి ఎంతుందో తెలియదు. అంత తెలివైన పని చూశాక నా చేతులు ఊరుకుంటాయా? వేడిని కొలిచే చిన్న పరికరం ఒకటి కొని, దానికి విడిగా బ్యాటరీ, సిమ్ కార్డు తగిలించి, నిమిషానికోసారి లోపలి వేడిని పంపేటట్టు చేశాను. ఆ అంకెను చూపించడానికి ఒక పేజీ కట్టాను. నల్లటి తెర, మధ్యలో పెద్ద అంకె, అంతే. ముప్పై ఏడున్నర చుట్టూ ఉంటే అంతా క్షేమం. పడిపోతే, చూసినవాళ్ళు పరిగెత్తాలి.

ఆ పేజీని నా రెండో తెర మీద ఒక మూల పెట్టుకుని నా పని చేసుకునేవాణ్ణి. 37.4. కాసేపటికి 37.5. తర్వాత 37.7. మళ్ళీ 37.5. నిద్రపోతున్న పసిబిడ్డ పొట్టలా ఆ అంకె మెల్లగా లేచేది, మెల్లగా దిగేది. ఎక్కడో ఇరవై కిలోమీటర్ల అవతల చీకటి పెట్టెలో నిద్రపోతున్నవాటి ఊపిరి నా గదిలోకి వచ్చినట్టుండేది. క్లయింట్లు ఫోనులో అరుస్తుంటే దాన్ని చూస్తూ ఊఁ కొట్టేవాణ్ణి. పదహారేళ్ళలో నేను చేసినవాటిలో నాకు నిజంగా ప్రేమ ఉన్నది ఆ ఒక్క పేజీ మీదే.

మొన్న మే నెలాఖరులో ఒక తెల్లవారుజామున కుక్కల గుంపు వజ్రమ్మ కోళ్ళగూడు పడగొట్టింది. రెండు పుంజులు, పందొమ్మిది పెట్టలు. ఒక్కటి మిగల్లేదు. బూడిదరంగు ఈకలు, నల్లటి కాళ్ళు ఉండే కోళ్ళవి. నలభై ఆరేళ్ళ కిందట కాపురానికి వస్తూ పుట్టింటి నుంచి గంపలో పెట్టుకుని తెచ్చుకున్న రెండు పెట్టల సంతానమట. ఆ రంగు కోడి ఆ చుట్టుపక్కల ఇంకెవరింట్లోనూ లేదు. మిగిలిందల్లా మర్నాడు మా కాలనీకి తేవడానికి వడ్లగంపలో దాచిన నలభై ఒక్క గుడ్లు. వాటిలో పన్నెండు మా ఇంటివి. అంటే మేము ఆమ్లెట్లు వేసుకోవలసినవి.

ఆ పొద్దే వాటన్నిటినీ ఫ్రిజ్‌లో పెట్టి బాలేష్ నాకు ఫోన్ చేశాడు. "ఇవే సారూ ఇగ. ఇవి పోతే మా అమ్మ కోళ్ళు పోయినట్టే. అమ్మ పొద్దుగాలసంది ముద్ద ముడతలేదు. జర పేజీ మీద ఒక కన్నేసి పెట్టుండ్రి."

"నువ్వు నిశ్చింతగా ఉండవయ్యా, నేనున్నాను కదా," అన్నాను.

గుడ్డు పిల్ల కావడానికి ఇరవై ఒక్క రోజులు. లెక్క వేసుకున్నాను. సరిగ్గా అప్పుడే గుర్తొచ్చింది ఆ ఉత్తరం. నా పేజీని తమ యంత్రాల మీద నడిపించే కంపెనీ ఆరు నెలలుగా రాస్తూనే ఉంది: మీరు వాడుతున్న వెర్షన్‌కు కాలం చెల్లింది, కొత్తదానికి మారండి, లేకపోతే ఫలానా బుధవారం నుంచి మీ పేజీ నడవదు. ఆరు నెలలుగా నేను చూసి పక్కన పడేస్తూనే ఉన్నాను. ఆ ఫలానా బుధవారం గుడ్లకు పందొమ్మిదో రోజు.

గడువుకు రెండు రోజుల ముందు, సోమవారం పొద్దున మొదలుపెట్టాను. తీగ లాగితే డొంకంతా కదిలింది. పేజీ లోపలి ఒక ముక్కను కొత్త వెర్షన్‌కు జరిపితే, దాని పక్కది "నాకు ఆ పాతవాడే కావాలి" అని మొండికేసింది. దాన్నీ మారిస్తే, మూడోది ఈ ఇద్దరినీ ఎరగనే ఎరగనంది. ఆ మూడోదాన్ని తయారుచేసి ప్రపంచానికి ఉచితంగా ఇచ్చిన మహానుభావుడు, ఫిబ్రవరితో ఈ పని మానేశాననీ, ఇక మేకలు పెంచుకుంటాననీ రాసిపెట్టి వెళ్ళిపోయాడు. అతని మీద నాకు కోపం రాలేదు. అసూయ పుట్టింది.

ఒక్క అంకె చూపించడానికి నాకు ఇన్ని సరంజామాలు ఎందుకు? ఏమో. కట్టిన రోజున అందరూ అలాగే కట్టేవారు. ఇప్పుడు అందరూ ఇంకోలా కడుతున్నారు. మంగళవారానికి తెర నిండా రెండు వందల పద్నాలుగు హెచ్చరికలు, ఎర్రటి అక్షరాల్లో. కళ్ళు మూసుకున్నా అవే. మధ్యాహ్నం ఒక కునుకు తీస్తే కల: దోసిట్లో గుడ్లు పట్టుకుని మెట్లెక్కుతున్నాను. ఎక్కిన ప్రతి మెట్టూ నా వెనక మెత్తగా కరిగిపోతోంది. పైనుంచి ఎవరో ఎంతో మర్యాదగా, "ఈ మెట్టు ఇప్పుడు వాడుకలో లేదు సార్" అంటున్నారు.

"కదలకుండా ఇంకో మూడు రోజులు ఇలాగే కూర్చోండి, ఆ గుడ్లేవో మీ కిందే పెడితే పిల్లలవుతాయి," అంది సుప్రజ, కాఫీ కప్పు పెడుతూ.

బుధవారం పదకొండున్నరకు పేజీ లేచి నిలబడింది. నల్లటి తెర, మధ్యలో పెద్ద అంకె. 37.6. చప్పట్లు కొట్టుకున్నాను, గదిలో ఒక్కణ్ణే. ఆనందం పట్టలేక బ్యాంకుకు ఫోన్ చేశాను.

"ఇల్లలకగానే పండగ కాదండోయ్. సాయంత్రం దాకా ఓ కంట కనిపెట్టుకుని ఉండండి," అంది సుప్రజ.

నా పని మీద ఈవిడకెప్పుడూ నమ్మకం లేదు అనుకున్నాను.

పన్నెండు దాటాక తూర్పున, షామీర్‌పేట వైపు, ఆకాశం కాటుకలా అయింది. ఈ ఏడాది తొలి వాన. మా కిటికీ అద్దాలు కూడా ఝల్లుమనేటంత ఉరుములు. ఒంటిగంటకు ఫోన్ మోగింది.

"సారూ, నేను వజ్రమ్మను. బాలేష్ ఫోను కలుస్తలేదు. డ్యూటీల గేటు కాడనే పెట్టిచ్చుకుంటరు గద."

"చెప్పండమ్మా."

"గుడ్డు సల్లగున్నట్టు కొడతాంది సారూ."

నా గొంతు అప్పుడే లేచింది. "తలుపు తీశారా? పిల్లలు బయటికొచ్చే ఈ చివరి మూడు రోజులూ తీయకూడదని బాలేష్ చెప్పలేదూ?"

"ఒక్కటే తీసిన సారూ. మస్తు ఉరుము ఉరిమింది, మనసున వట్టలే. రెప్పకు ఆనిచ్చి జూసిన. సల్లగ తగిలింది."

ఆవిడ పద్ధతి అది. కోడి పొదుగుతుంటే దాని కింది నుంచి గుడ్డు తీసి, కన్ను మూసుకుని రెప్పకు ఆనించి చూస్తుంది. వేళ్ళు పని చేసి చేసి మొద్దుబారిపోతాయి గాని రెప్పకు ఎప్పటికీ తెలుస్తుందంటుంది.

"ఫ్యాన్ తిరుగుతోందా?"

"తిరుగుతాంది."

"బయట ఎర్ర లైటు?"

"ఎలుగుతాంది."

తెర వైపు చూశాను. "ఇక్కడ నాకు స్పష్టంగా కనిపిస్తోందమ్మా. ముప్పై ఏడు పాయింట్ ఆరు. నిక్షేపంలా ఉంది."

"గట్లనా? మరి నా రెప్పకు..."

మూడు రోజుల చిరాకంతా ఆ ముసలావిడ మీద పడింది. "మొన్ననే ఆ కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది కదమ్మా? ఆ రెప్పనా మీరు నమ్మేది? మీ కన్ను పొరబడుతుంది గాని ఇది పొరబడదు. దయచేసి మళ్ళీ తలుపు తీయకండి. తీశారంటే మీ చేతులారా మీరే వాటిని చంపుకున్నట్టు!"

రేకుల మీద వాన పడుతున్న చప్పుడు ఫోనులోంచి వినిపించింది.

"సరే సారూ. నువ్వు సదువుకున్నోనివి. ఇగ తియ్య," అని పెట్టేసింది.

మజ్జిగన్నం తిని కుర్చీలో వెనక్కి వాలాను. వాన సన్నబడింది. గదిలో నీళ్ళ రంగు వెలుతురు. మూడు రోజుల తర్వాత ఒంట్లోని బిగువంతా సడలి, నిద్ర కాళ్ళ మీదుగా దుప్పటి కప్పినట్టు వచ్చింది. అర్ధనిద్రలో నల్లటి తెర పెద్దదై చెరువైంది. చెరువు మీద ఆ అంకె తేలుతోంది. నేను గట్టున కూర్చుని చూస్తున్నాను. హాయిగా ఉంది. హాయిగానే ఉంది గాని ఏదో తక్కువైంది. గోడ గడియారం ఆగిపోతే నిద్రలో ఉన్నవాడికి కూడా మెలకువ వస్తుందే, అలా ఏదో ఆగిపోయింది. ఏమిటది? నీళ్ళు కదలడం లేదు. చెరువు ఊపిరి తీయడం లేదు.

దిగ్గున లేచాను. మూడు దాటి పది నిమిషాలు. తెర మీద 37.6. ఒక నిమిషం చూశాను. 37.6. ఇంకో నిమిషం. ఐదు నిమిషాలు రెప్ప వేయకుండా చూశాను. అదే. పొద్దున పదకొండున్నర నుంచి అదే.

"ఈ వెర్షన్‌లో కొత్తగా ఏముంది" అని వాళ్ళు రాసుకున్న భాగోతం తెరిచాను. మీకోసం పదిహేడు సౌకర్యాలు. పదమూడో సౌకర్యం: ఇకమీదట పేజీ ఒకసారి తెచ్చుకున్న జవాబును దాచిపెట్టుకుని మళ్ళీ మళ్ళీ అదే చూపిస్తుంది. పేజీ త్వరగా తెరుచుకోవడానికట. అలా వద్దనుకుంటే మీరే చెప్పాలట. పాత వెర్షన్ ఈ వేషాలు వేసేది కాదు. అడిగినప్పుడల్లా వెళ్ళి, ఉన్నది ఉన్నట్టు తెచ్చి చూపించేది. మూడు రోజులు గుండెలు బాదుకున్నాను గాని ఈ ఒక్క వాక్యం నేను చదవలేదు.

కోడ్‌లో ఒక్క మాట మార్చాను. పేజీ ఒకసారి రెప్ప వేసింది. 28.3. చూస్తుండగానే 28.2.

వజ్రమ్మకు ఫోన్ చేశాను. మోగింది, తీయలేదు. మళ్ళీ చేశాను, తీయలేదు. స్కూటర్ తీసి గోదాము దగ్గరికి పోయి, గేటు దగ్గర గొడవపెట్టి బాలేష్‌ని బయటికి పిలిపించాను.

"వేడి పడిపోయింది. ఇరవై ఎనిమిది," అన్నాను.

అతని మొహం పాలిపోయింది. ఎక్కి వెనక కూర్చున్నాడు. మేడ్చల్ దాటాం. షామీర్‌పేట రోడ్డు ఎక్కాక నా చెవి దగ్గర అన్నాడు. "కాయిల్ కాలినట్టున్నది సారూ. ఉరుములకు కరెంటు ఎక్కువ తక్కువ అయితది. నీ పేజీ జెప్పబట్టి ఎర్కైంది. లేకుంటే నేను ఇంటికి వొయ్యేదాంక ఎవ్వనికి తెల్వకపోవు. మస్తు పని జేసినవ్ సారూ."

నేను హ్యాండిల్ గట్టిగా పట్టుకున్నాను. చెప్పొచ్చు. అప్పుడే చెప్పొచ్చు. చెప్పలేదు. వాన వెలిసిన రోడ్డు మీద ఆకాశమంతా పడి ఉంది, దాని మీదే బండి పోతోంది. చెరువు కట్ట దగ్గర గాలి ఆగిపోయింది. నీళ్ళ మీద పొగలాంటి తెర. కొంగ ఒకటి ఒంటికాలి మీద నిలబడి మమ్మల్నే చూస్తున్నట్టనిపించింది. ఇదంతా మధ్యాహ్నం కునుకే అయి, ఇప్పుడే మెలకువ వస్తే బాగుండునని మనసారా కోరుకున్నాను.

ఇంట్లోకి వెళ్ళేసరికి వజ్రమ్మ నేల మీద, ఫ్రిజ్ తలుపుకు వీపు ఆనించి కూర్చుని ఉంది. ఒళ్ళో ఒక గుడ్డ. అందులో విరిగిన కొడవలి ముక్క, రెండు బొగ్గులు, మూడు ఎండుమిరపకాయలు. పొదిగే గంపలో అవి పెడితే ఉరుముకు గుడ్లు చెడవని వాళ్ళ నమ్మకం. ఫోను ముందు గదిలో చార్జింగుకు పెట్టి ఉంది.

"మిషన్ల పెట్టద్దని నువ్వంటివి," అంది కొడుకుతో. "తలుపు తియ్యద్దని సారన్నడు. అందుకే బయటనే పట్టుకొని కూసున్న. లెవ్వలే."

మూడు గంటలు. నేను చెప్పానని, ఆ చల్లటి పెట్టెను కాపలా కాస్తూ మూడు గంటలు.

తలుపు తీస్తే లోపలి నుంచి వానగాలి లాంటి గాలి తగిలింది. ఫ్యాన్ నిక్షేపంగా తిరుగుతోంది. కాయిల్ నల్లగా మాడి ఉంది. బాలేష్ అటక మీది నుంచి రెండు వంద వాట్ల బల్బులు దించి, వైర్లు కలపడం మొదలుపెట్టాడు. వజ్రమ్మ పొయ్యి మీద నీళ్ళు పెట్టింది. ఎందుకన్నాను.

"బతికున్నయో లేవో జూడాలె గద సారూ. నీళ్ళల్ల ఇడిస్తే లోపలి పిల్ల మెదులుతది."

వెడల్పాటి గిన్నెలో నీళ్ళు పోసి, మోచెయ్యి ముంచి చూసింది. "కన్నీళ్ళంత వేడుంటే సాలు," అంది. గిన్నెను గుమ్మం దగ్గరికి జరిపింది. వాన కడిగిన వెలుతురు ఆ నీళ్ళలో పడింది. ఒక గుడ్డు వదిలింది. అది కాస్త మునిగి తేలి, ఊగి, నిలిచింది. నీళ్ళు నిలిచాయి. ముగ్గురం వంగి చూస్తున్నాం. నా ఊపిరి తగిలి నీళ్ళు కదులుతాయేమోనని మొహం పక్కకు తిప్పుకున్నాను.

కదల్లేదు.

రెండోది కదల్లేదు. మూడోది కూడా. బాలేష్ వాటిని తుడిచి ఒక చేటలో పక్కన పెట్టాడు. నాలుగోది వదిలింది. అది నిలిచాక చాలాసేపు ఏమీ లేదు. అంతలో, ఎవరూ తాకకుండానే, ఒక్క ఉదుటున పక్కకు ఒరిగింది. దాని చుట్టూ సన్నటి వలయం లేచి గిన్నె అంచు దాకా పోయింది.

"ఉన్నది!" అన్నాడు బాలేష్. నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

ఒక్కొక్కటీ అలాగే వదిలి చూశాం. ఇరవై ఎనిమిది మెదిలాయి. వాటిని బల్బుల వెచ్చదనంలోకి పంపేశాం. పదమూడు చేటలోనే ఉండిపోయాయి.

"ఎన్ని పిల్లలవుతాయంటారు?" అన్నాను, ఏదో ఒకటి మాట్లాడాలని.

"ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టు. ముందు పెంకు పలగనియ్యి," అంది వజ్రమ్మ. తర్వాత కొడుకు వైపు తిరిగింది. ఆవిడ గొంతు మారింది. "ఇగ నన్ను కోళ్ళ జోలికి రానియ్యకురా బాలేష్. నా కన్ను పనికిరాకుంట వోయింది. మధ్యాహ్నం వేడి గుడ్డు ముట్టుకుంటే సల్లగ తగిలె. ఇప్పుడు సల్లటి గుడ్డు గూడ గట్లనే తగుల్తాంది. రెండు ఒక్క తీరే. ఏది నిజమో నాకు ఎర్కైతలేదు."

"సారు పేజీ ఉన్నది గదనే. నువ్వెందుకు పరేషాన్ అయితవు? ఇయ్యాల అదే గద కాపాడింది," అన్నాడు బాలేష్.

ఊరుకుంటే అయిపోయేది. తప్పు ఉరుముది, కాయిల్‌ది, ఆ ముసలి కంటిది. నాకేమో దండ. పేజీలో ఏం జరిగిందో వాళ్ళిద్దరికీ ఏనాటికీ తెలియదు. కాని ఆవిడ తన కుడికన్నును కొంగుతో నెమ్మదిగా అద్దుకుంటోంది, పోయిన మనిషిని తలుచుకుంటున్నట్టు. చూడలేకపోయాను.

"బాలేష్, పేజీ కాపాడలేదు. పేజీ అబద్ధం చెప్పింది," అన్నాను. "పొద్దున నేను కొత్త వెర్షన్‌కు మార్చాను. అప్పటి నుంచి అది పదకొండున్నరప్పటి అంకెనే చూపిస్తూ కూర్చుంది. నేను చూసుకోలేదు. గుడ్లు చల్లబడ్డాయని మీ అమ్మగారు ఒంటిగంటకే ఫోన్ చేసి చెప్పారు. నేనే కసిరి నోరు మూయించాను."

బాలేష్ చేతిలో వైరు అలాగే ఆగిపోయింది. "ఏంది సారూ గిది? నిన్ను నమ్మి గద... ఇవే ఉన్నయని జెప్పిన గద నీకు!" అతని కళ్ళలోకి నేను చూడలేదు. తిట్టు, ఇంకా తిట్టు అనిపించింది.

వజ్రమ్మ కొడుకును చేత్తో ఆపింది. నా ముందుకు జరిగి కూర్చుంది. "సారూ, నేను ఫోన్ జేసినప్పుడు గుడ్డు సల్లగనే ఉండెనా?"

"చల్లగానే ఉందమ్మా."

"నిజంగ?"

"నిజంగా. మీరే కరెక్టు. తప్పంతా నాది, నన్ను క్షమించండి."

క్షమించమన్న మాట ఆవిడ చెవిన పడినట్టే లేదు. "అంటే నా కన్ను మంచిగనే ఉన్నది!" అంది. మొహమంతా విచ్చుకుంది. "ఇంటన్నవారా బాలేష్? నా కన్ను మంచిగున్నదంట! ఆపరేషన్ కాడికెల్లి భయం సారూ. తెల్లగ కనవడతాంది గని నా రెప్ప నాది గాకుంట వోయిందేమోనని. ఎవ్వరికి జెప్పలే. ఇయ్యాల నువ్వు ఫోన్ల గట్లనంగనే, ఇగ అయిపోయింది వజ్రమ్మా అనుకున్న." నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "నీ పేజీ సంగతి నాకెర్కలేదు గని, నీ నోరు మాత్రం మస్తు ఖరాబున్నది సారూ. దాన్ని మార్పిచ్చుకో."

బాలేష్‌కు కూడా నవ్వాగలేదు. కోపం పోయిందని కాదు.

ఆవిడ చేటను దగ్గరికి లాక్కుంది. కదలని పదమూడు గుడ్లలోంచి ఒకటి తీసి, కన్ను మూసుకుని రెప్పకు ఆనించుకుంది. చాలాసేపు అలాగే ఉంది. పక్కన పెట్టింది. ఇంకోటి తీసింది. ఎవరూ తొందరపెట్టలేదు. చూరు నుంచి నీళ్ళ బొట్లు ఒక్కొక్కటే రాలుతున్నాయి. ఐదోదో ఆరోదో రెప్పకు ఆనించాక ఆవిడ మొహం నిశ్చలమైపోయింది. తీయకుండా అలాగే ఉంచుకుంది. తర్వాత నెమ్మదిగా నా వైపు చాచింది.

"కన్ను మూయి సారూ. ఇగ నువ్వు జూడు."

కళ్ళద్దాలు తీసి కన్ను మూశాను. ఆవిడే నా రెప్ప మీద ఆనించి పట్టుకుంది. కన్నీళ్ళంత వేడి. అంతకంటే ఏమీ తెలియలేదు. "ఏమీ లేదమ్మా," అనబోయాను.

"మాట్లాడకు," అంది.

మాట్లాడలేదు. రెప్పల వెనక ఎర్రటి చీకటి. అంకెల్లేవు, అక్షరాల్లేవు. అప్పుడు పెంకు లోపలి నుంచి ఎవరో నా కన్ను మీద చిన్నగా తట్టారు.